ఉయ్యాల కింద నేల

సాయంత్రం అయిదున్నరకి మా కాలనీ పార్కులో పావుగంట కూర్చుంటే చాలు, పెద్దవాళ్ళ నోట అన్నిటికన్నా ఎక్కువగా వచ్చే మాట ఏదో తెలిసిపోతుంది. "పడతావ్." అందులోనే రకాలు: "పడతావ్ రా", "పడతావే పిల్లా", "చెప్తే వినవు, పడతావ్ చూడు". మూడున్నరేళ్ళ మనవరాలిని వెంటబెట్టుకుని రోజూ వెళ్ళే నేనూ ఈ జపం చేసేదాన్నే. ఒకరోజు తోచక లెక్కపెట్టుకున్నాను. అరగంటలో పదకొండుసార్లు అన్నాను. పిల్ల ఒక్కసారీ పడలేదు. ఇంటికి బయల్దేరాక గేటు దగ్గర, గులకరాయి కూడా లేని చదును బాట మీద, నా చెయ్యి పట్టుకుని నడుస్తూనే పడింది.

అప్పట్నుంచి ఓ అనుమానం పట్టుకుంది. మేం అరిచే చోటు ఒకటి, దెబ్బ తగిలే చోటు ఇంకోటి అవుతోందేమో అని. ఆ అనుమానంతో కొంత చదివాను, కొంత ఉయ్యాల పక్కన నిలబడి గమనించాను.

పిల్లలు ఎన్నిసార్లు పడతారో నిజంగానే కూర్చుని లెక్కపెట్టినవాళ్ళున్నారు. న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో కారెన్ అడాల్ఫ్ బృందం 2012లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, 12 నుంచి 19 నెలల పిల్లలు తమ మానాన తాము ఆడుకుంటున్నప్పుడు గంటకి సగటున 2,368 అడుగులు వేశారు, 17 సార్లు పడ్డారు. గంటకి పదిహేడు! నాలాంటిది అన్నిసార్లు పడితే ఆ సాయంత్రమే ఎముకల డాక్టరు దగ్గర తేలుతుంది. వాళ్ళు మాత్రం లేచి మళ్ళీ పరిగెడతారు. ఇందులో మాయ లేదు. పెద్దవాళ్ళ ఎత్తులో సగం, బరువులో ఆరోవంతు ఉన్న పిల్ల నిలబడ్డ చోటనే కూలబడితే, నేలకి తగిలే శక్తి మనకి తగిలేదాంట్లో పన్నెండోవంతు మాత్రమే. దానికితోడు డైపరు కట్టిన పిరుదులు ముందు ఆనతాయి. ఎత్తు చిన్నది, బరువు చిన్నది అయినంతవరకూ పడటం పిల్లలకి రోజువారీ పని. ఎత్తు మారినప్పుడే లెక్క మారుతుంది. పార్కులో ఎత్తుని మార్చేవి ఉయ్యాల, జారుడుబల్ల.

ముందు ఉయ్యాల సంగతి. మా పార్కులో ఉన్నవాటి గొలుసు సుమారు రెండు మీటర్లు. మనవరాలిని కూర్చోబెట్టి ఊపితే ముందుకెళ్ళి వెనక్కి రావడానికి మూడు సెకన్లకి కాస్త తక్కువ పడుతుంది. పక్కింటి పదేళ్ళ కుర్రాడు, దీనికి రెట్టింపు బరువు, అదే పీట మీద కూర్చుంటాడు. అయినా అంతే. ఊగే కాలాన్ని నిర్ణయించేది తాడు పొడవు; బరువుకి అందులో వాటా లేదు. బరువు పెరిగితే భూమి లాగే బలం పెరుగుతుంది, కదిలించాల్సిన ఒళ్ళూ అంతే పెరుగుతుంది, చెల్లుకు చెల్లు. గోదావరి పక్కన మా ఊళ్ళో అట్లతద్దికి చింతచెట్టు కొమ్మకి మోకులతో వేసే ఉయ్యాల అయిదు మీటర్లకి తగ్గేది కాదు. దానికి ఒక ఊపు నాలుగున్నర సెకన్లు. తాడు రెండున్నర రెట్లు పొడవైనా కాలం ఒకటిన్నర రెట్లకి కొంచెం పైన మాత్రమే పెరిగింది, ఎందుకంటే కాలం పొడవుతో సమానంగా కాక దాని వర్గమూలంతో పెరుగుతుంది. ఆ నాలుగున్నర సెకన్లలో ఒక పాట చరణం పట్టేది. ఇప్పటి గొలుసుల ఉయ్యాల మీద పాట కుదరదు, హడావిడి ఎక్కువ.

ఊపే మనిషి చేసేది కూడా బలం చూపించడం కాదు, వేళ కనిపెట్టడం. పిల్ల వెనక్కొచ్చి ఒక్క క్షణం ఆగినట్టయి, మళ్ళీ ముందుకి కదలబోతుండగా వేలితో తోసినంత తోసినా పదో ఊపుకి ఉయ్యాల అందనంత దూరం పోతుంది. ఇంకా వెనక్కి వస్తూ ఉండగానే అడ్డం పడి తోస్తే ఎంత బలం పెట్టినా ఊపు చచ్చిపోతుంది, మణికట్టు కూడా నొప్పెడుతుంది. కొత్తగా తండ్రులైన కుర్రవాళ్ళు చేసే తప్పు ఇదే. ఆఫీసు నుంచి వచ్చి, ఒక చేత్తో ఫోన్ పట్టుకుని, రెండో చేత్తో ఎప్పుడు పడితే అప్పుడు తోస్తుంటారు.

మూడున్నరేళ్ళ పిల్ల తనంతట తాను ఊగలేదు. అయిదారేళ్ళకి ఆ విద్య పట్టుబడుతుంది, అదీ ఎవరూ నేర్పకుండా. ముందుకెళ్ళేటప్పుడు వెనక్కి వాలి కాళ్ళు చాపడం, వెనక్కొచ్చేటప్పుడు ముందుకి వంగి కాళ్ళు ముడవడం. చూడ్డానికి సులువే, కానీ ఇది మొత్తం ఒంటి బరువుని సరైన వేళకి తిప్పడం. ఆ వేళ కూడా స్థిరంగా ఉండదు. జపాను పరిశోధకులు 2023లో చూపించినదాని ప్రకారం, ఊపు చిన్నగా ఉన్నప్పుడు ఉయ్యాల నడిమికి వచ్చాక వెనక్కి వాలడం మేలు. ఊపు పెరిగేకొద్దీ ఇంకా ముందే, వెనక చివరి నుంచే వాలడం మొదలుపెట్టాలి. దీనికి సమీకరణాలు రాయాలంటే పేజీలు పడతాయి. ఒకటో తరగతి పిల్లలు నడుముతోనే చేసేస్తారు.

అట్లతద్దికి మేం నిలబడి ఊగేవాళ్ళం. అది ఇంకో పద్ధతి. రెండు చివర్లలో గొంతుక్కూర్చుని, సరిగ్గా అడుగుకి వచ్చినప్పుడు నిటారుగా లేవాలి. అడుగున లేవడం కష్టం, మోకాళ్ళు వణుకుతాయి. ఊహ కాదు, అక్కడ ఒళ్ళు నిజంగానే బరువెక్కుతుంది. అరవై డిగ్రీల వరకూ ఊగి దిగే మనిషి బరువు అడుగున రెట్టింపు అవుతుంది, పైన చివర్లో సగమవుతుంది. ఆ రెట్టింపు బరువుని పైకెత్తడానికి మోకాళ్ళు చేసిన పనే ఊపుగా మారుతుంది. పైన సగమైనప్పుడు కడుపులో గిలి పుడుతుంది చూడండి, పిల్లలు "ఇంకా పైకి, ఇంకా పైకి" అని అరిచేది దానికోసమే.

మరి ఆ పైనుంచి చెయ్యి జారితే? ఒకటిన్నర మీటరు ఎత్తు నుంచి పడ్డ పిల్ల నేలని తాకేసరికి గంటకి సుమారు 20 కిలోమీటర్ల వేగంలో ఉంటుంది. ఆ వేగం ఎలాగూ సున్నా కావాలి. ఎంత దూరంలో సున్నా అవుతుందన్న దాని మీదే అంతా ఉంది. కింద వదులుగా ఉన్న ఇసుక అయిదు సెంటీమీటర్లు అణిగిందనుకోండి, ఒంటి మీద పడే సగటు బలం ఆ ఒంటి బరువుకి ముప్ఫై రెట్లు. సిమెంటు అణగదు. చర్మం, కండ నొక్కుకుపోయి అర సెంటీమీటరు ఇచ్చాయనుకున్నా మూడొందల రెట్లు. అదే పిల్ల, అదే ఎత్తు, అదే భూమి. చూడాల్సిందల్లా పాదాల కింద ఏం పరిచారన్నదే.

గడ్డి ఉంటే చాలనుకుంటాం. అమెరికాలో వినియోగ వస్తువుల భద్రతని చూసే ప్రభుత్వ సంస్థ తన ఆటస్థలాల పుస్తకంలో గడ్డినీ మట్టినీ రక్షణ ఇచ్చే నేలలుగా లెక్కలోకే తీసుకోదు. నాలుగు రోజులు తొక్కితే రెండూ గట్టిపడిపోతాయి కాబట్టి. నాలుగు అడుగుల ఎత్తు ఆట వస్తువు కింద కనీసం తొమ్మిది అంగుళాల వదులు ఇసుక ఉండాలంటుంది. ఉయ్యాల కింద గుంట ఎప్పుడైనా గమనించారా? పిల్లల కాళ్ళు రాసుకుని రాసుకుని, సరిగ్గా ఎక్కడ ఇసుక కావాలో అక్కడే ఖాళీ అవుతుంది. వారానికోసారి పారతో ఆ గుంట పూడిస్తే చాలు. ఈ నగరంలోనే నేను చూసిన ఒక పార్కులో, పేరెందుకు లెండి, ఉయ్యాలల కింద ఎర్రవీ పసుపువీ పేవర్ బ్లాకులు పరిచారు. అడిగితే వానాకాలం బురద కాకుండా అన్నారు. బురద కన్నా మెత్తని నేల ఇంకెక్కడ దొరుకుతుందీ అని నాలో నేను అనుకుని ఇంటికొచ్చాను.

రబ్బరు పలకలు పరిచిన పార్కులూ ఇప్పుడు వస్తున్నాయి. దెబ్బకి మంచివే. ఏప్రిల్ మధ్యాహ్నం మాత్రం అవి ఇసుక కన్నా, గడ్డి కన్నా బాగా వేడెక్కుతాయి. ముదురు రంగువైతే మరీనూ. పిల్లల చర్మం మనకన్నా పల్చన, పైగా కాలుతోందని తెలిసినా చటుక్కున లేవడం అందరికీ రాదు. నేను అరచేతి వెనక భాగం ఆనించి అయిదు లెక్కపెడతాను. అయిదు దాకా ఉంచలేకపోతే ఆ పూట చెట్టు కిందే ఆట.

జారుడుబల్ల దగ్గరకొస్తే, ఇక్కడ మా భయాలన్నీ తలకిందులని తెలిసింది.

పిల్ల ఒక్కతే జారితే భయం కదా అని తల్లో తండ్రో ఒళ్ళో కూర్చోబెట్టుకుని జారుతారు. నేనూ అలాగే జారాను, మా అల్లుడు ఫోటో కూడా తీశాడు. అయోవా విశ్వవిద్యాలయం డాక్టర్లు 2002 నుంచి 2015 వరకు అమెరికాలో జారుడుబల్లల వల్ల దెబ్బలు తగిలిన ఆరేళ్ళ లోపు పిల్లల లెక్కలు తీశారు. మొత్తం సుమారు మూడున్నర లక్షలు. వాళ్ళలో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించిన దెబ్బ ఎముక విరగడం, అందులోనూ ఎక్కువగా కింది కాలి ఎముక. చాలామటుకు ఇది ఒళ్ళో కూర్చుని జారిన చిన్నపిల్లలకే జరుగుతుంది. ఎలాగంటే, పిల్ల వేసుకున్న బూటు రబ్బరు అడుగు బల్ల అంచుకి పట్టుకుంటుంది. ఒంటరిగా జారుతున్న పన్నెండు కిలోల పిల్ల అక్కడే ఆగిపోతుంది, లేదా పక్కకి తిరిగి కూర్చుంటుంది. వెనక అరవై అయిదు కిలోల మనిషి ఉంటే ఆగే ప్రశ్నే లేదు. కాలు ఉన్నచోటే ఉండిపోతుంది, ఒళ్ళు ముందుకి పోతుంది, మధ్యలో ఎముక మెలిపడుతుంది. భద్రత కోసం చేసిన పనే అపాయమైపోయింది. ఆ ఫోటో ఇప్పటికీ ఫ్రిజ్ మీద ఉంది, నేను దాన్ని చూసినప్పుడల్లా పిల్ల బూట్ల వంకే చూస్తాను. ఒక్కతే జారలేని పిల్లకి ఇంకా జారే వయసు రాలేదని అర్థం; కింద చివర్లో కాస్త ఎత్తున కూర్చోబెట్టి, పక్కన నిలబడి చెయ్యి పట్టుకుంటే సరిపోతుంది.

జారుడుబల్ల మీద గమ్మత్తులూ ఉన్నాయి. నిక్కరు వేసుకున్న పిల్లాడు చెమట తొడలతో సగంలో అతుక్కుపోతాడు, నూలు పైజామా పిల్ల సర్రున దిగిపోతుంది. బల్ల వాలు ఒకటే, రాపిడి వేరు. డిసెంబరు, జనవరి నెలల్లో హైదరాబాదు పొడిగాలికి ప్లాస్టిక్ బల్ల మీద నాలుగుసార్లు జారితే మా పిల్ల జుట్టు నిక్కబొడుచుకుంటుంది. కిందకొచ్చి నన్ను ముట్టుకుంటే "చిట్" మని చురుక్కుమంటుంది, ఇద్దరం కెవ్వుమంటాం. బట్టకీ ప్లాస్టిక్కుకీ రాపిడిలో విద్యుదావేశం పోగుపడి, ముట్టుకోగానే దూకేస్తుంది. వోల్టులు వేలల్లో ఉన్నా పోయే ఆవేశం అతి తక్కువ, అందుకే ప్రమాదం లేదు. విశాఖలో మా చెల్లెలి మనవడికి ఈ సరదా అంతగా దక్కదు. సముద్రపు తేమ ఆవేశాన్ని ఎప్పటికప్పుడు జార్చేస్తుంది.

ఇక ఎవరూ అరవని ప్రమాదం ఒకటుంది. మెడలో తాయెత్తు తాడు, టోపీకి వేలాడే దారం, పెద్దపిల్లల చున్నీ. ఇవి జారుడుబల్ల పైన కమ్మీకి చుట్టుకుంటే కాళ్ళు కిందకి, మెడ పైకి. పార్కుకి వెళ్ళేముందు తీసెయ్యడానికి పట్టేది పది సెకన్లు. కమ్మీల మధ్య సందులు కూడా అంతే. తొమ్మిది నుంచి ఇరవై మూడు సెంటీమీటర్ల వెడల్పున్న సందు చెడ్డది. పసిపిల్లల తల వాళ్ళ ఒంటితో పోలిస్తే పెద్దది కాబట్టి కాళ్ళు, నడుము దూరిపోతాయి, తల ఇరుక్కుంటుంది. జేబులో చిన్న టేపు పెట్టుకుని కొలిచాను. వాచ్‌మన్ నన్ను కార్పొరేషన్ మనిషి అనుకుని కుర్చీ వేశాడు.

మూలన ఎక్కి దిగే ఇనప చట్రం ఉంది, జంగిల్ జిమ్. దీని కథ తెలిశాక ఆ తుప్పు కమ్మీల మీద నాకు గౌరవం పెరిగింది. చార్లెస్ హింటన్ అనే బ్రిటిష్ గణితవేత్త జపానులో ఉద్యోగం చేస్తున్నప్పుడు, నాలుగో పరిమాణం అర్థం కావాలంటే ముందు మూడు పరిమాణాలు ఒంటికి పట్టాలని వెదుళ్ళతో ఒక చట్రం కట్టి, పిల్లలకి మూడు అంకెలు చెప్పి ఆ కూడలికి ఎక్కమనేవాడు. పిల్లలు గణితాన్ని పట్టించుకోలేదు, ఎక్కడం మాత్రం మానలేదు. కొడుకు సెబాస్టియన్ అమెరికాలో పేటెంట్ల లాయరయ్యాడు. నాన్న చట్రాన్ని గుర్తుచేసుకుని 1923లో దానికి పేటెంటు సంపాదించాడు. సెబాస్టియన్ అమ్మమ్మ మేరీ, ఎవరెస్టు శిఖరానికి ఎవరి పేరు పెట్టారో ఆ జార్జ్ ఎవరెస్టుకి స్వయానా తోడబుట్టినవాడి కూతురు. ఆ ఎవరెస్టు 1818లో సర్వే అధికారి లాంబ్టన్ దగ్గర సహాయకుడిగా చేరింది మన హైదరాబాదులోనే. భూమిని త్రిభుజాలుగా కొలిచినాయన బంధువులు చివరికి పిల్లలకి ఘనాలు కట్టిచ్చారు. పిల్లలు ఇవేమీ తెలీకుండా అక్కడ చెంగులు పట్టుకుని దొంగా పోలీసు ఆడుకుంటున్నారు.

తిరిగే చక్రం మా పార్కులో పాడై రెండేళ్ళయింది. అది లేకపోయినా నష్టం లేదు, ఒప్పులకుప్ప ఉంది కదా. చేతులు పెనవేసుకుని వెనక్కి వాలి తిరగడానికి ఇనుము అక్కర్లేదు. లోపలి చెవిలో మూడు అర్ధవలయపు గొట్టాలు మూడు దిక్కుల్లో ఉంటాయి, వాటిలో ద్రవం. తల తిరగడం మొదలెడితే ద్రవం వెనకబడుతుంది, కాసేపటికి తలతో సమానంగా తిరుగుతుంది. టక్కున ఆగితే తల ఆగుతుంది, ద్రవం ఆగదు. మెదడుకి ఇంకా తిరుగుతున్నామనే కబురు అందుతుంది, కళ్ళూ దాని మాటే వింటాయి. మనవరాలు ఆ క్షణంలో పార్కంతా తిరుగుతోందని నవ్వుతూ కూలబడుతుంది. నేను బెంచీ పట్టుకుని కళ్ళు మూసుకుంటాను.

ఇసుక గుంట దగ్గర పిల్లలకి ఏమీ చెప్పనక్కర్లేదు. పాదం మీద ఇసుక కప్పి, తట్టి, మెల్లగా కాలు లాగి పిచ్చుకగూడు కట్టడం మా పిల్లకి నేను నేర్పిన ఏకైక వాస్తుశాస్త్రం. పొడి ఇసుక నిలవదు, నీళ్ళు ఎక్కువైతే జారిపోతుంది. గింజల మధ్య నీటి చుక్కలు సన్నని వంతెనల్లా పట్టి ఉంచాలి. నిలబడే ఇసుక కట్టడానికి నీళ్ళు ఎన్ని కావాలో 2012లో కొలిచిన శాస్త్రవేత్తలు ఘనపరిమాణంలో సుమారు ఒక శాతమే చాలన్నారు. నేను పోసే చెంబు నీళ్ళు దారుణం అన్నమాట.

మట్టి పూసుకుంటే జబ్బులొస్తాయని కోడళ్ళు, కూతుళ్ళు అంటారు. కుక్కలు పాడుచేసిన ఇసుక విషయంలో ఆ భయం నిజమే. అలాంటి గుంటకి పైన గుడ్డ కప్పాలి, ఇంటికి రాగానే సబ్బుతో చేతులు కడగాలి. మిగతా మట్టి కథ వేరు. ఫిన్లాండులో కొన్ని శిశు సంరక్షణ కేంద్రాల ఆవరణల్లో అడవి నేలనీ పచ్చికనీ తెచ్చి పరిచి, మూడు నుంచి అయిదేళ్ళ పిల్లలని 28 రోజులు ఆడనిచ్చారు. వాళ్ళ చర్మం మీద సూక్ష్మజీవుల రకాలు పెరిగాయి, రక్తంలో రోగనిరోధక వ్యవస్థని అదుపులో ఉంచే గుర్తులు మెరుగయ్యాయి. 2020లో అచ్చయిన ఆ అధ్యయనంలో ఉన్నది 75 మంది పిల్లలే, అందుకని దీన్ని వేదవాక్కు చెయ్యను. కాని మా ఇంటి సబ్బుల వాడకం కొంచెం తగ్గింది.

వెలుతురు లెక్క మాత్రం ఇంకా గట్టిది. ఇంట్లో ట్యూబులైటు కింద కాంతి మూడు నాలుగు వందల లక్సులు. పార్కులో చెట్టు నీడన కూడా వేలల్లో ఉంటుంది. చైనాలోని గ్వాంగ్జౌలో ఒకటో తరగతి పిల్లలకి బడిలో రోజూ అదనంగా 40 నిమిషాలు బయట గడిపేలా చేశారు. మూడేళ్ళ తర్వాత చూస్తే, అలా గడిపినవాళ్ళలో 30.4 శాతం మందికి, గడపనివాళ్ళలో 39.5 శాతం మందికి దూరపు చూపు మందగించింది. ఎక్కువ వెలుతురు సోకితే రెటీనాలో డోపమిన్ పెరిగి, కనుగుడ్డు అతిగా సాగకుండా చూస్తుందని శాస్త్రవేత్తల ఆలోచన. మా పార్కులో కళ్ళజోళ్ళ పిల్లలు ఏటికేడు పెరుగుతున్నారు, వాళ్ళలో సగం మంది అక్కడ కూడా బెంచీ మీద ఫోన్‌లోనే ఉంటారు.

"పడతావ్" దగ్గరికే మళ్ళీ వస్తాను. 1985లో అచ్చయిన ఒక ప్రయోగంలో, ఏడాది పిల్లల్ని గాజు పలక వేసిన బల్ల మీద వదిలారు. గాజు కింద ఒక చోట సుమారు 30 సెంటీమీటర్ల పల్లం కనబడుతుంది. అది భయపడాలా అక్కర్లేదా అని తేల్చుకోలేని లోతు. అవతల అమ్మ నిలబడి ఉంటుంది, మాట్లాడకూడదు, మొహం మాత్రమే చూపించాలి. అమ్మ నవ్విన 19 మంది పిల్లల్లో 14 మంది దాటారు. అమ్మ మొహంలో భయం చూపిన 17 మందిలో ఒక్కరూ దాటలేదు. పిల్లలు పల్లాన్ని చూసి నిర్ణయించుకోలేదు, అమ్మని చూసి నిర్ణయించుకున్నారు.

ఇది చదివాక నిచ్చెన దగ్గర ఆ మాట మానడానికి ప్రయత్నిస్తున్నాను. పూర్తిగా రాలేదు. "పడ..." దాకా వచ్చి, మింగి, "కుడికాలు ఎక్కడ పెడతావే?" అంటున్నాను. పిల్ల కిందికి చూసి, ఆలోచించి, పెడుతోంది.

మొన్న చీకటి పడుతుండగా వాచ్‌మన్ విజిల్ వేశాడు. గేటు పక్కన నిద్రగన్నేరు ఆకులు ముడుచుకుంటున్నాయి. ఆకుల మొదట్లో చిన్న ఉబ్బులుంటాయి, వాటిలో కణాల నుంచి పొటాషియమూ వెంట నీరూ జరిగిపోయి ఆకులు వాలతాయని దారిలో చెబుతూ ఉన్నాను. పిల్ల నా మాట వినకుండా పరిగెత్తి, మళ్ళీ ఆ చదును బాట మీదే, బోర్లా పడింది. లేవకుండా తల మాత్రం తిప్పి నా మొహం చూసింది. ఏం కనబడిందో నాకు తెలీదు. మోకాళ్ళు దులుపుకుని లేచి, చెట్టుకేసి చూపించి, "అమ్మమ్మా, ష్... పడుకుంది" అంది.